ఇరవై ఐదో మడి

పోలికల సారు జన్మలో ఏ పనీ పూర్తిగా చేసి ఎరగరు. బద్ధకం అనుకునేరు, కాదు. బద్ధకస్తుడు పని మొదలే పెట్టడు. ఈయన మొదలుపెడతారు, ముప్పాతిక వంతు ప్రాణం పెట్టి చేస్తారు, మిగతా పాతిక వంతును కావాలని, గీత గీసి మరీ వదిలేస్తారు. ఎందుకు వదిలేశారండీ అని ఎవరైనా అడిగితే, పాపం ఈ మనిషికి ఇంత చిన్న సంగతి కూడా తెలియదే అన్నట్టు జాలిగా చూసి, "పోల్చి చూడొద్దూ?" అంటారు.

రీడింగులమ్మకు ఆయన మొదట కనిపించింది పాదాల దగ్గర్నుంచి. అప్పటికింకా ఆమెకు ఆ పేరు రాలేదు. రోజున్నర రైల్లో కూర్చుని, ఇంకో మూడు గంటలు బస్సులో దుమ్ము మింగి, ఆ పరిశోధన కేంద్రం గేటు దగ్గర తన పెట్టె మీదే కూలబడి తల వంచుకుని ఉంది. కళ్ళ ముందు రెండు బూట్లు వచ్చి ఆగాయి. కుడి బూటులో మొహం చూసుకోవచ్చు. ఎడమ బూటు ఏ రంగుదో చెప్పడం కష్టం.

"కొత్తగా వచ్చిన ఫీల్డు అసిస్టెంటువి నువ్వేనా అమ్మాయ్?"

"అవును సార్. సార్, మీ ఎడమ బూటు..."

"పాలిష్ చెయ్యలేదు. ఇవాళ్టికి పదకొండో రోజు. పాలిష్ చేస్తే తోలు ఎక్కువ కాలం మన్నుతుందంటారు. నిజంగా మన్నుతుందా, మనం అలా అనుకుంటున్నామా?"

"తెలీదు సార్."

"నాకూ తెలీదు. అందుకే ఒకటి వదిలేశాను. పోల్చి చూడొద్దూ?"

ఇంటి మీద బెంగతో కుమిలిపోతున్న మనిషిని పట్టుకుని బూటు తోలు గురించి అడిగే అధికారిని ఆమె అంతవరకు చూడలేదు. ఆశ్చర్యంలో ఏడుపు ఆగిపోయింది. ఆయన తన కళ్ళు చూడలేదనే అనుకుంది.

ఆ కేంద్రం చుట్టూ ఎటు చూసినా ఎండి బీటలు వారిన నేలే. ఏడాదికి నాలుగైదుసార్లు వాన పడితే, పడిన తారీఖులు అందరికీ నోటికొచ్చు. మధ్యలో ఒక కాలువ, ఆ కాలువ పక్కన ఇరవై నాలుగు మడుల మొక్కజొన్న. అక్కడ తేల్చాల్సింది ఒక్కటే ప్రశ్న. ఎంత తక్కువ నీళ్ళతో పంటను గట్టెక్కించగలం? అందుకని ఆరు మడులకు ఏడు తడులు, ఆరింటికి ఐదు, ఆరింటికి మూడు. మిగిలిన ఆరింటికి మొలక వచ్చాక చుక్క నీరు లేదు. ఏమీ చెయ్యకుండా వదిలేసిన ఆ మడులను కంట్రోల్ అంటారు. అవి లేకపోతే మిగతావాటికి చేసింది పనికొచ్చిందో లేదో చెప్పడానికి ఆధారం ఉండదు. వ్యవసాయ పరిశోధనలో ఉన్నవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అందరూ కంట్రోల్‌ను పొలంలో వదిలేసి ఇంటికెళ్ళి అన్నం తింటారు. పోలికల సారు మాత్రం దాన్ని ఇంటికి కూడా తీసుకెళ్ళారు.

ఆయన క్వార్టర్సుకు సున్నం వేయించినప్పుడు మూడు గోడలు తెల్లగా తళతళలాడాయి, వంటింటి తలుపు పక్క గోడ పొగచూరి అలాగే ఉండిపోయింది. నాలుగో గోడ మరిచిపోయానేమోనని రంగులు వేసే మనిషి రెండుసార్లు వెనక్కి వచ్చాడు. రెండుసార్లూ సారు గోడకు అడ్డంగా నిలబడి, "అది కంట్రోల్, దాని జోలికి రాకు," అని పంపేశారు. మూడోసారి ఆ మనిషి రాలేదు. ఆ ఇంట్లో కంట్రోల్ అని ఎవరో పెద్దాయన ఉన్నారని, ఆయనకు సున్నం వాసన పడదని ఊళ్ళో చెప్పుకున్నాడట.

ఒక చలికాలం సారుకీ, ఆయన భార్యకీ ఒకేసారి దగ్గు పట్టుకుంది. మందు సీసా ఆవిడకిచ్చి, ఆయన మందు లేకుండా దగ్గుతూ కూర్చున్నారు. "ఎవరో ఒకరు తాగకుండా ఉండాలి కదా?" అని. ఖర్మకాలి ఆవిడకంటే రెండు రోజుల ముందే ఆయనకు తగ్గింది. ఆ రెండు రోజులూ ఆ ఇంటి వైపు వెళ్ళినవాళ్ళకు ఆవిడ దగ్గూ, తిట్లూ విడివిడిగా వినబడలేదు.

"అన్నిటికీ కంట్రోల్ ఉండాలంటారు కదా సార్, మరి పెళ్ళికి?" అని ఇంటికొచ్చిన ఆఫీసు వాళ్ళెవరో ఆటపట్టించబోయారు.

"మా తమ్ముడున్నాడుగా. బ్రహ్మచారి," అన్నారు సారు తడుముకోకుండా.

టీ అందిస్తున్న ఆయన భార్య అక్కడే ఉంది. "ఆ మరిది ఈయనకంటే పదేళ్ళు చిన్నగా కనబడతాడు, హాయిగా నిద్రపోతాడు. ఆ ఫలితాలు మాత్రం ఎక్కడా అచ్చు వెయ్యరు," అంది.

రీడింగులమ్మ ఆవిడను పిన్నిగారూ అని పిలిచేది. పక్క క్వార్టర్సే కాబట్టి ఆదివారం భోజనం అక్కడే. పిన్నిగారు కూర వండేటప్పుడు ఉప్పు వేసే ముందు ఒక గిన్నెడు తీసి పక్కన పెట్టాలి. అది ఆ ఇంటి చట్టం. ఉప్పు లేని గిన్నెను సారు స్వయంగా గేటు దగ్గరికి మోసుకెళ్ళి వాచ్‌మన్ తాత చేతిలో పెట్టేవారు. "తిని రుచి ఎలా ఉందో చెప్పాలి తాతా. నాకు పోలిక కావాలి." తాత ప్రతిరోజూ తినేవాడు, ప్రతిరోజూ ఒక్కటే ఫలితం చెప్పేవాడు. "చప్పగా ఉంది సారూ." సారు దాన్ని శ్రద్ధగా రాసుకునేవారు. ఎన్నేళ్ళ నుంచో ఇదే వరస.

ఇదంతా చూసేవాళ్ళకు నవ్వులాటే. రీడింగులమ్మకు మాత్రం నవ్వు గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. ఆమె ప్రాణం అక్కడ లేదు. పెళ్ళయిన నాలుగో నెలలో వచ్చిపడింది ఈ ఎండలోకి. భర్త నదీ తీరంలో, రేవు దగ్గర పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. అక్కడ ఏడాదిలో సగం రోజులు వానే. తడిబట్టలు ఆరవని విసుక్కుంటూ పెరిగిన పిల్ల, ఇక్కడ ఉతికిన చీర తీగ మీద వేసి వెనక్కి తిరిగేసరికి ఆరిపోతుంటే చూసి బిక్కమొహం వేసేది. సాయంత్రం భర్త ఫోన్ చేసినప్పుడు మాటలన్నీ అయ్యాక, "వాన పడుతోందా?" అని అడిగేది.

"పడుతోంది."

"ఫోను కిటికీ బయట పెట్టు."

అతను పెట్టేవాడు. ఆమె చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకునేది.

"చెయ్యి తడిసిపోతోంది. లోపల పెట్టెయ్యనా?"

"ఇంకొంచెంసేపు ఉంచు."

ప్రతి ఆరు నెలలకూ బదిలీకి అర్జీ పెట్టేది. నది దగ్గరి కేంద్రంలో ఎవరో రిటైరైతే తప్ప ఖాళీ రాదని ప్రతిసారీ ఒకే జవాబు. ఆ కేంద్రంలో ఎవరికి ఎన్నేళ్ళ సర్వీసు మిగిలుందో ఆమెకు కంఠతా వచ్చు.

ఇక ఆమె పని సంగతి. మధ్యాహ్నం రెండింటికి, ఎండ నెత్తిమీద నిప్పులు పోస్తున్నప్పుడు, ఇరవై నాలుగు మడులూ తిరిగి ఒక్కో మడికీ వడలిక మార్కు వెయ్యాలి. ఈ రీడింగుల వల్లే ఆమెకు రీడింగులమ్మ అనే పేరొచ్చింది. ఆకు విచ్చుకుని నిగనిగలాడుతుంటే సున్నా. గొట్టంలా చుట్టుకుపోయి, రంగు మాసి, ప్రాణం వదిలేస్తే ఐదు. దీనికి యంత్రం లేదు, కన్నే యంత్రం. ఒకరి కంటికి రెండుగా కనిపించింది ఇంకొకరికి మూడు కావచ్చు. అందుకే ప్రయోగం మొదటి పంట నుంచి చివరి పంట దాకా ఒకే మనిషి మార్కులు వెయ్యాలని రూలు. ప్రయోగం నాలుగేళ్ళది. ఆమె చేరింది మొదటి పంట మొలక రోజున.

చేరిన మర్నాడు ఆమె ఒకటో మడి దగ్గర పుస్తకం తెరిచేసరికి, అవతలి కొసన ఇరవై నాలుగో మడి దగ్గర సారు ఇంకో పుస్తకం తెరిచారు. ఆమె ఇటు నుంచి అటు, ఆయన అటు నుంచి ఇటు. పన్నెండో మడి దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు.

"మీరేం చేస్తున్నారు సార్?"

"మార్కులు వేస్తున్నాను."

"మార్కులు వెయ్యాల్సింది నేను కదా?"

"నువ్వే. నీవే అసలు మార్కులు. ఇవి ఉత్త పోలిక."

ఒక రోజైతే సర్లే అనుకోవచ్చు. ఒక వారమైతే కొత్తదాన్ని కదా అనుకోవచ్చు. మొదటి పంట అయిపోయింది, రెండో పంట మోకాలెత్తు వచ్చింది, ఆయన మాత్రం రోజూ రెండింటికి అవతలి కొసన హాజరు. ఆమె మార్కులు చూపించమని అడగరు, తనవి చూపించరు. కూలీలు ముసిముసి నవ్వులు నవ్వుకునేవారు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది.

"నా మీద నమ్మకం లేదా సార్?" అని ఒకరోజు అడిగేసింది.

"నమ్మకం వేరు, పోలిక వేరు," అన్నారు ఆయన, పన్నెండో మడి ఆకు వైపు వంగి చూస్తూ. తర్వాత లేచి ఆమె మొహం వైపు అంతే పరీక్షగా చూశారు. "ఇవాళ నీకు మూడు."

అదొకటి. మడులతో పాటు ఆమెకూ మార్కు. ఇంటి నుంచి ఫోను రాని మర్నాడు మూడున్నర. సెలవుకు వెళ్ళొచ్చిన మొదటిరోజు నాలుగు. నవ్వితే రెండు. అంతకంటే కిందికి ఎప్పుడూ దిగలేదు.

"మధ్యాహ్నం వడలడం తప్పు కాదు అమ్మాయ్," అని చెప్పేవారు గట్టు మీద నడుస్తూ. "ఎండకు ఎవరైనా వడలతారు. సాయంత్రానికి లేచిందా లేదా, అదీ చూడాల్సింది. లేస్తే దానికేం ఫర్వాలేదు. సాయంత్రం కూడా లేవకపోతేనే భయం."

ఆమెకు ఆ పాఠం చెవికెక్కలేదు. నా వెనక దొంగచాటుగా ఎందుకు మార్కులు వేస్తున్నాడీయన, అదే ధ్యాస. నా పుస్తకం చూసి కాపీ కొడుతున్నాడేమో, తప్పులు పట్టి డైరెక్టరు ముందు పెడతాడేమో. అనుమానం పెరిగి పెరిగి ఒకరోజు ఆమె చేత ఒక తప్పు చేయించింది. ఆ రోజు పొద్దున్నే నీళ్ళు పెట్టిన పదిహేడో మడికి, ఆకులన్నీ నిక్కబొడుచుకుని నిలబడి ఉన్న మడికి, కావాలని ఐదు వేసింది. పుస్తకం తెరిచి, సారు వచ్చే దారిలో గట్టు మీద పెట్టి, మంచినీళ్ళకని వెళ్ళింది. కాపీ కొడితే ఆయన పుస్తకంలోనూ ఐదు రావాలి.

మర్నాడు పొద్దున్నే సారు ఆమె గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పద అమ్మాయ్. పట్నం వెళ్దాం."

"ఎందుకు సార్?"

"కంటి డాక్టరు దగ్గరికి. నిన్న గట్టు మీద నీ పుస్తకం తెరిచి ఉంటే, కనబడింది. తడిపి ఆరు గంటలైనా కాని మడికి ఐదు వేశావు. కళ్ళతో ఆడుకోకూడదు. పద."

తప్పు ఒప్పుకోవాల్సిన క్షణం అదే. కానీ ఆయన కంగారు చూసి ఆమె చెప్పులేసుకుని వెంట నడిచింది. మూడు గంటల బస్సు ప్రయాణమంతా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. డాక్టరు ఆమె కళ్ళు పరీక్షిస్తుండగా సారు పక్క కుర్చీలో కూర్చుని, "నావి కూడా చూడండి. పోల్చి చూడొద్దూ?" అన్నారు.

డాక్టరు పోల్చి చూశాడు. "ఈ అమ్మాయివి గద్ద కళ్ళండీ. అక్షరం పొల్లుపోలేదు. తమరే, ఈ కళ్ళజోడు పెట్టుకుని ఇన్నాళ్ళూ గోడలకు గుద్దుకోకుండా ఎలా తిరిగారో నాకర్థం కావట్లేదు."

"ఒకటి రెండుసార్లు గుద్దుకున్నాను," అని ఒప్పుకున్నారు సారు.

కొత్త కళ్ళజోడు వచ్చింది. దాంతో పేపరు చదివేవారు, బస్సు బోర్డులు చదివేవారు. ఇరవై ఏళ్ళ తర్వాత భార్య మొహం సరిగ్గా కనబడి, "నీకీ పుట్టుమచ్చ ఎప్పుడొచ్చింది?" అని అడిగి చీవాట్లు తిన్నారు. మధ్యాహ్నం రెండయ్యేసరికి మాత్రం కొత్తది జేబులో పెట్టి, ఒక కాడ ఊడిపోయి దారంతో కట్టిన పాతదాన్ని ముక్కు మీదికి ఎక్కించి పొలంలోకి దిగేవారు.

"ఇదేం చోద్యం సార్? సరిగ్గా చూడాల్సిన చోట కనబడని కళ్ళజోడా?"

"పుస్తకం సగంలో ఉంది. మధ్యలో కన్ను మారిస్తే ముందు మార్కులకూ వెనక మార్కులకూ పొత్తు కుదురుతుందా?"

"అసలు మార్కులు నావి కదా. మీవి ఎవరికి కావాలి సార్?"

ఆయన దారం సరిచేసుకుంటూ పక్క మడిలోకి వెళ్ళిపోయారు. ఆమె ఆ పదిహేడో మడి అంకె తన పుస్తకంలో కొట్టేద్దామని ఎన్నిసార్లో అనుకుంది. కానీ రాసిన రీడింగు కొట్టెయ్యడం అక్కడ హత్యతో సమానం. అది అలాగే ఉండిపోయింది.

మూడో పంట కంకి వేస్తుండగా ఆర్డరు వచ్చింది. నది దగ్గరి కేంద్రంలో ఖాళీ. పదిహేను రోజుల్లో చేరాలి, లేకపోతే జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. ఆమె కాగితం పట్టుకుని డైరెక్టరు గదిలోకి పరిగెత్తింది. డైరెక్టరు మంచివాడే, కానీ ఆయనకు మంచితనం కూడా రూల్సు ప్రకారమే వచ్చేది.

"రిలీవ్ చెయ్యలేనమ్మా. రూల్సు ప్రకారం ప్రయోగం మధ్యలో చూసే కన్ను మారకూడదు. ఇంకా ఈ పంట సగం, వచ్చే పంట మొత్తం ఉంది. కొత్తగా వచ్చేవాడి మూడూ, నీ మూడూ ఒకటేనని ఎవరు పూచీ?"

"సార్, ఈ పోస్టు పోతే మళ్ళీ ఖాళీ రావడానికి ఏడేళ్ళు పడుతుంది. ఆ కేంద్రంలో అందరి సర్వీసూ నాకు తెలుసు సార్."

డైరెక్టరు ఆర్డరు కాగితం ఇంకోసారి చదివాడు. "మీ సారును పిలుస్తాను. ప్రయోగం ఆయనది. ఆయన దారి చూపిస్తే నాకు అభ్యంతరం లేదు."

ప్రయోగం మధ్యలో కళ్ళజోడే మార్చని మనిషి, కన్ను మార్చడానికి ఒప్పుకుంటాడా? భర్తకు ఏం చెప్పాలో అప్పుడే మనసులో మాటలు పేర్చుకోవడం మొదలుపెట్టింది.

సారు వచ్చారు. ముక్కు మీద దారం కట్టిన కళ్ళజోడు, భుజానికి గుడ్డసంచి. సంగతంతా విన్నారు. సంచిలోంచి పుస్తకాలు తీసి బల్ల మీద పేర్చారు. ఐదు పుస్తకాలు.

"ఏమిటివి?"

"ఇంకో కన్ను సార్. మొదటి పంట రెండో రోజు నుంచి ఇవాళ్టి దాకా, కంటి డాక్టరు దగ్గరికెళ్ళిన రోజు తప్ప ఒక్క రోజు పోకుండా. అవే మడులు, అదే సమయం. ఆమెవి చూసి వేసినవి కావు. పోల్చి చూడండి."

డైరెక్టరు ఆమె పుస్తకాలు కూడా తెప్పించి, ఎర్ర పెన్సిలు చెక్కుకుని మొదలుపెట్టాడు. ఫ్యానుకు కాగితాలు ఎగురుతుంటే సారు ఒక చేత్తో ఒక పుస్తకం, ఇంకో చేత్తో ఇంకో పుస్తకం నొక్కిపట్టి నిలబడ్డారు. అరగంట గడిచింది.

"ఇవి ఒకటిగా లేవే. ఆమె మూడు వేసిన చోట మీరు మూడున్నర వేశారు. ఆమె రెండంటే మీరు రెండున్నర."

"అంతటా అర ఎక్కువే సార్. ఈ కళ్ళజోడులో ఆకు కాస్త మసగ్గా, కాస్త ఎక్కువ వడలినట్టు కనబడుతుంది. ఎప్పుడూ ఒకేలా కనబడాలని దీన్ని మార్చలేదు. నా కన్నులోంచి అర తీసేస్తే అమ్మాయి కన్ను. ఆమె వెళ్ళాక మిగతా మార్కులు నేను వేస్తాను. మీరు అర తీసేసుకోండి."

రీడింగులమ్మకు అప్పటికి అర్థమైంది. మూడేళ్ళుగా తన వెనకపడి తప్పులు వెతుకుతున్నాడనుకున్న మనిషి, ఇంతకాలమూ తన బదులు నిలబడటానికి తయారవుతున్నాడన్నమాట.

ఎర్ర పెన్సిలు ఒక చోట ఆగింది. "మరి ఇదేమిటి? రెండో పంట, పదిహేడో మడి. ఈమె ఐదు, మీరు అర. ఇంత తేడా ఏమిటి? ఈ ఒక్కదానికి జవాబు లేకపోతే మీ లెక్కంతా పోయినట్టే."

చెయ్యి జారిందనో, వరస తప్పిందనో చెప్పి బయటపడొచ్చు. ఊరూ, వానా, మనిషీ అన్నీ ఆ ఒక్క గడిలో ఉన్నాయి. ఆమె సారు వైపు చూసింది. ఆయన ఆ దారం కట్టిన కళ్ళజోడులోంచి ఆమెనే చూస్తున్నారు.

"నేనే కావాలని తప్పు వేశాను సార్," అంది ఆమె నేల చూపులు చూస్తూ. "సారు నా పుస్తకం చూసి కాపీ కొడుతున్నారేమోనని. పట్టుకుందామని. ఆ మడి ఆ రోజు నాకు సున్నా."

డైరెక్టరు మొహం గంటుపెట్టుకున్నాడు. నోరు తెరవబోయేంతలో సారు బల్ల మీద చిన్నగా కొట్టారు.

"చూశారా సార్! అర తీసేస్తే నాదీ సున్నాయే. ఐదు వేల పైచిలుకు మార్కుల్లో, కావాలని తప్పు వేస్తే గానీ మా ఇద్దరి కళ్ళకూ తేడా రాలేదు. ఇంతకంటే పూచీ ఏం కావాలి?"

డైరెక్టరు పుస్తకం మూయబోయి, మళ్ళీ తెరిచాడు. "అన్నట్టు మనకున్నవి ఇరవై నాలుగు మడులు. మీ పుస్తకంలో ప్రతి పేజీలోనూ ఇరవై ఐదు వరసలున్నాయి. ఈ ఇరవై ఐదో మడి ఎక్కడిది?"

సారు చెవులు ఎర్రబడ్డాయి. జన్మలో మొదటిసారి ఆయనకు మాట తడబడింది. "అది... అది ప్రయోగంలో లేదు సార్."

రీడింగులమ్మ మెడ సాచి చూసింది. మొదటి పేజీ, తను చేరిన మర్నాటి తారీఖు. ఇరవై ఐదో వరసలో నాలుగు. పక్కన చిన్న అక్షరాలతో, "నిన్న గేటు దగ్గర నాలుగున్నర". తర్వాతి రోజు నాలుగు. ఆ తర్వాత మూడున్నర. తను సెలవులో ఊరెళ్ళిన పది రోజులూ ఖాళీ, వచ్చిన రోజు మళ్ళీ నాలుగు.

"ఈ మడి సంగతి కూడా చెప్పేస్తాను," అన్నారు సారు గొంతు సవరించుకుని. "మూడేళ్ళ నుంచి చూస్తున్నాను సార్. మిగతావి సాయంత్రానికి లేస్తున్నాయి. ఇది లేవడం లేదు. ఈ నేల దీనికి పడదు. తీసుకెళ్ళి దాని నేలలో పెట్టాలి."

డైరెక్టరు ఆ వరస వెంట వేలు పెట్టి, ఒక్కో పేజీ తిప్పుతూ చివరి దాకా వెళ్ళాడు. రిలీవింగ్ ఆర్డరు మీద సంతకం పెట్టాక, "ఇందులో కూడా అర తీసెయ్యాలా?" అని అడిగాడు.

"దీన్లో వద్దు సార్," అన్నారు సారు.

బయలుదేరే ముందురోజు ఆమె పిన్నిగారి వంటింట్లో కూర్చుని ముక్కు చీదుకుంటూ ఉంది. పిన్నిగారు కూరలో ఉప్పు వేసే ముందు గిన్నెడు పక్కకు తీసింది.

"ఇదెవరికో తెలుసా నీకు? తాతకు రక్తపోటు. డాక్టరు ఉప్పు మానమన్నాడు. జాలి పడి పెడితే ముట్టని మొండి మనిషి. పరిశోధనకు సాయం చెయ్యమంటే తింటున్నాడు. ఎనిమిదేళ్ళయింది, రక్తపోటు అదుపులో ఉంది."

రీడింగులమ్మ ముక్కు చీదడం ఆపింది. "మరి ఈ గోడ?"

"దగ్గరికెళ్ళి చూడు."

పొగచూరిన గోడ మీద, నేల నుంచి నడుము ఎత్తు దాకా పెన్సిలు గీతలు, పక్కన తారీఖులు. మాకంటే ముందు ఈ ఇంట్లో పంపు డ్రైవరు ఉండేవాడని పిన్నిగారు చెప్పింది. అతని కూతురు ఎత్తు కొలిచిన గీతలు. బదిలీ మీద వెళ్ళేటప్పుడు ఆ పిల్ల గోడను వదిలి రానని గోల చేసిందట. ఎప్పుడొచ్చినా ఉంటుంది పొమ్మని ఈయన మాటిచ్చారట.

"మరి బూటు పిన్నిగారూ? ఎడమకాలి బూటు?"

పిన్నిగారు చాలాసేపు ఆలోచించింది. "అది మాత్రం పిచ్చేనమ్మా," అంది.

బస్సు దగ్గరికి సారు వచ్చారు. మట్టి నమూనాలు పెట్టే మూత డబ్బా ఒకటి ఆమె చేతిలో పెట్టారు. కంట్రోల్ మడి మట్టి. "అక్కడి మట్టితో పోల్చి చూడు," అన్నారు. కాళ్ళకు దండం పెట్టబోతే వెనక్కి గెంతారు. ఆ వంగడంలో ఆమెకు రెండు బూట్లూ కనబడ్డాయి. రెండూ మెరుస్తున్నాయి. ఆ ఒక్క రోజూ ఆయన పని పూర్తిగా చేశారు. ఆమె చూసీ చూడనట్టు బస్సెక్కింది.

నది ఒడ్డున వానాకాలం. రేవు నుంచి వచ్చిన భర్త గ్రీజు చేతులు కడుక్కుంటున్నాడు. ఉతికిన బట్టలు మూడు రోజులుగా ఇంట్లోనే వేలాడుతున్నాయి. కిటికీ గూట్లో ఆ డబ్బా ఉంది. ఆమె రోజుకోసారి మూత తీసి, ఆ పొడి మట్టి వాసన చూసి, మళ్ళీ బిగించేస్తుంది. ఏ ఊరి కోసం మూడేళ్ళు వడలిపోయిందో ఆ ఊళ్ళోనే కూర్చుని, ఆ ఎండ మీద, ఆ గట్ల మీద ఇప్పుడు బెంగపడుతోంది. రెండయ్యేసరికి చెయ్యి పుస్తకం కోసం వెతుక్కుంటుంది. ఈ సంగతి ఎవరికైనా చెప్తే నవ్వుతారని సాయంత్రం సారుకే ఫోన్ చేసింది.

"ఇరవై ఐదో మడికి ఇవాళ ఎంత?" అన్నారు ఆయన, బాగున్నావా అనడానికి బదులు.

"ఒకటి సార్."

"సున్నా కాదా? ఇంకా ఆ ఒకటి దేనికి?"

"అది మీ మీద సార్. మీకెంత?"

"మధ్యాహ్నం మూడు."

"ఏ కళ్ళజోడుతో చూసుకున్నారు?"

"పాతదాంతో. మార్కులు వేసేది దాంతోనేగా."

"అయితే రెండున్నరే. సాయంత్రానికి లేస్తారు లెండి."

అవతల ఆయన నవ్వు వినిపించింది. తర్వాత, కాస్త మొహమాటంగా, "అక్కడ వాన పడుతోందా అమ్మాయ్?" అన్నారు.

ఆమె కిటికీ తెరిచి ఫోను బయటకు చాపింది. చెయ్యి మోచేతి దాకా తడిసింది. చాలాసేపటికి చెవి దగ్గర పెట్టుకుని, "చాలా సార్?" అంది.

"ఇంకొంచెంసేపు ఉంచు."

ఉంచింది. ఈసారి తీసేసరికి ఆయనే మాట్లాడారు. "ఇప్పుడు కిటికీ మూసెయ్. వాన లేకుండా ఒక్క నిమిషం వినాలి."

"ఎందుకు సార్?" అంది ఆమె, జవాబు తెలిసి కూడా.

"పోల్చి చూడొద్దూ?"

కిటికీ మూసింది. నిమిషం పాటు ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. అవతల దూరంగా కాలువ పంపు కొట్టుకుంటున్న చప్పుడు ఆమెకు వినబడింది. కళ్ళు మూసుకుని దాన్నే వింది.

"సరే," అన్నారు పోలికల సారు. "ఇప్పుడు మళ్ళీ తెరువు."